అప్పు పచ్చనైతే ఊరూ పచ్చనవుతుందా?

'హరిత రుణం' అనే మాట ఈమధ్య బ్యాంకుల్లో తరచు వినిపిస్తోంది. సోలార్ పలకలు, బ్యాటరీ ఆటోలు, బిందు సేద్యం వంటి నేలకూ గాలికీ చేటు చేయని పనులకిచ్చే అప్పు అని దాని అర్థం. రిజర్వ్ బ్యాంకు 2015లో సౌర విద్యుత్తు వంటివాటిని ప్రాధాన్య రంగంలో చేర్చింది. ఇంటికి పది లక్షల వరకు ఇచ్చే అప్పు అందులోకి వస్తుంది. ఆ రంగంలోనే బలహీన వర్గాల జాబితాలో మైనారిటీలూ ఉన్నారు. మరి మహబూబాబాద్ జిల్లా గూడూరు వంటి మండలానికి దీనివల్ల ఒరిగేదేమిటి?

ఇక్కడి పంటలు పత్తి, మిరప, వరి. వ్యవసాయ బోరుకు కరెంటు ఉచితం. అప్పు చేసి సోలార్ పంపు పెట్టుకున్న రైతుకు మిగిలే బిల్లే లేదు, కిస్తీ మాత్రం మిగులుతుంది. లైను చేరని పోడు భూముల సంగతి వేరు. అక్కడి గిరిజన రైతులకు 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం కింద పంపును ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, అది అప్పు కాదు.

ఇళ్ల విషయమూ అంతే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అయితే అదే ఏడాది మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అలాంటి ఇంటివారు తొందరపడనవసరం లేదని మా అభిప్రాయం.

ఇక పిండిగిర్నీ, వెల్డింగ్ షాపు, బేకరీ, కుట్టు మిషన్ల దుకాణం! మన కుటుంబాలు చాలావరకు బతికేది వీటిమీదే. వీరు కరెంటు బిల్లు కడతారు, పైగా ఇళ్లకిచ్చే ఆ సబ్సిడీ వీరికి రాదు. నెలనెలా కడుతున్న బిల్లుకంటే కిస్తీ తక్కువైతే, ఆ తేడా దుకాణదారు చేతిలోనే, ఊరి సంతలోనే తిరుగుతుంది. మిరప రైతుదీ ఇదే లెక్క. పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే పంట అప్పగించవలసి రావడం, కల్లంలో ఆరబోసిన కాయ అకాల వానకు తడవడం మనకు తెలిసిన కష్టాలే. పదిమంది కలిసి పెట్టుకునే సోలార్ ఆరబెట్టే షెడ్డుకు అప్పు దొరికితే కనీసం ఆ రెండో కష్టం తగ్గుతుంది.

కాని అప్పంటే వడ్డీ. మనలో చాలామంది బ్యాంకు గడప దగ్గరే ఆగేది అందుకే. వడ్డీలేని బ్యాంకింగ్ కావాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే సూచించింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పేసింది. మలేషియాలో అదే 2017లో సౌర విద్యుత్ కేంద్రానికి హరిత సుకూక్ జారీ చేశారు, వడ్డీ బదులు ఆస్తి రాబడిలో వాటా అన్నమాట. ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. దగ్గర్లోని పాకాల చెరువు 13వ శతాబ్దంలో గణపతిదేవుని కాలంనాటిది. చెరువు తవ్వించినవారికి దాని కింది భూమిలోనో ఫలసాయంలోనో వాటా ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు ఆ రోజుల్లో ఉండేది. నీరు పారితేనే వాటా!

గూడూరు స్థాయికి సుకూక్ పెద్దమాట. ముందే ఖాయం చేసిన ధరను వాయిదాల్లో కట్టే మురాబహా, బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసనా, ఇరుగుపొరుగు దుకాణాల ఉమ్మడి పెట్టుబడి అందుబాటులో ఉన్న దారులు. వాయిదా ఆలస్యమైతే ధర పెరుగుతుందా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. అది మురాబహాయా, మారుపేరుతో వడ్డీయా అన్నది అక్కడే తేలుతుంది.

బంగ్లాదేశ్‌లో 1996లో మొదలైన గ్రామీణ్ శక్తి వాయిదాల మీద ఇళ్లకు సోలార్ ఇచ్చింది. 2003 నుంచి ప్రభుత్వ సంస్థ ఇడ్కాల్ పథకం తోడై 40 లక్షలకు పైగా ఇళ్లకు వెలుగు చేరింది. పల్లెల్లోనే మరమ్మతు నేర్చిన యువతీయువకులకు ఉపాధి దొరికింది. తరువాత కరెంటు తీగలు వచ్చాక ఎన్నో పలకలు మూలపడ్డాయి, కొందరి బాకీలూ తీరలేదు.

అందుచేత సంతకానికి ముందు దుకాణదారుని అడగవలసినది ధర ఒక్కటే కాదు. పలకలు పాతికేళ్లు పనిచేసినా ఇన్వర్టరు అంతకాలం నిలవదు. అది చెడిన రోజున బాగుచేసే మనిషి మహబూబాబాద్‌లో ఉన్నాడా, నర్సంపేటలో ఉన్నాడా, లేక హైదరాబాదు నుంచి రావాలా?