పాత మాత్రకూ కొత్త మాత్రకూ మధ్య

మా సంఘములో ఒక సహోదరుడు 17 ఏండ్లపాటు లిథియం మాత్రలు వాడారు. పేరు చెప్పము. ఈ సంగతులు వ్రాయడానికి ఆయనా, ఆయన భార్యా సమ్మతించారు.

పెండ్లయిన రెండవ ఏట ఆయనకు మొదటిసారి జబ్బు చేసింది. పది రోజులు కంటిమీద కునుకు లేదు. లేని డబ్బు ఉందని చెప్పి రెండు ఎకరాలకు బేరం పెట్టారు. ఆ పొంగు తగ్గగానే గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నాలుగు నెలలు లేవలేదు. దయ్యమని కొందరు, చేతబడి అని కొందరు అన్నారు. పట్నంలో డాక్టరుగారు దాన్ని బైపోలార్ వ్యాధి అన్నారు. లిథియం మొదలుపెట్టిన తరువాత ఆయన వ్యవసాయం చేసుకున్నారు, ఇద్దరు బిడ్డలను చదివించారు, మన సండేస్కూలు నడిపారు.

నిరుడు రక్తపరీక్షలో మూత్రపిండాల పని తగ్గుతున్నట్లు కనబడింది. లిథియంను మెల్లగా తగ్గిస్తూ, సోడియం వాల్‌ప్రోయేట్‌ను మెల్లగా పెంచాలని డాక్టరుగారు చీటీ వ్రాశారు. ఇంటికి వచ్చాక ఆ 'మెల్లగా' అన్న మాట జారిపోయింది. మూత్రపిండాలను పాడుచేసే మందు ఇంకొక్క రోజైనా ఎందుకని ఆ రాత్రే పాత మాత్రలన్నీ పారవేశారు. శుక్రవారం కూటములో ఒకరు దానిని విశ్వాసమని మెచ్చుకున్నారు కూడా. ఆ కూటములో మేమూ ఉన్నాము, నోరు విప్పలేదు.

పన్నెండవ రోజు నిద్ర పోయింది. ఒక తెల్లవారుజామున మూడు గంటలకు ఆయన గుడి తలుపు తీసి మైకులో ప్రసంగం మొదలుపెట్టారు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది.

ఏండ్ల తరబడి వాడిన లిథియంను ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే అపాయం పెరుగుతుంది, ఆత్మహత్య భయం కూడా పెరుగుతుంది. కొత్త మందు ఇంకా చాలినంత మోతాదుకు చేరి ఉండదు. కాబట్టి అత్యవసరం లేనప్పుడు పాత మందును కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలదాకా, కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. కొంతకాలం రెండు మందులూ కలిసి నడుస్తాయి. ఇంట్లో వారికి ఇదే విచిత్రంగా తోస్తుంది. మార్చమన్న మందును మళ్లీ వేసుకోవడమేమిటని తగ్గించివేస్తారు.

లిథియం మత్తుమందు కాదు. అది ఒక రకం లవణం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ జబ్బుకు అది పనిచేస్తుందని ప్రకటించాడు. లవణం కావడంలోనే దాని చిక్కూ ఉన్నది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు లిథియంను బయటికి పోనివ్వక పట్టి ఉంచుతాయి. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుండి 0.8 మిల్లీమోల్ ఉండేటట్లు చూస్తారు, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. మంచినీళ్లు కూడా ముట్టని మూడు రోజుల ఉపవాసం, మే నెల ఎండలో కోత, విరేచనాలు, బి.పి. ఉన్నదని ఉప్పు హఠాత్తుగా మానడం, ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఆర్‌.ఎం.పి. ఇచ్చే డైక్లోఫెనాక్ లేక ఐబుప్రోఫెన్ బిళ్ల, కొన్ని బి.పి. మాత్రలు, ఇవన్నీ దాన్ని పెంచగలవు. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం కనబడితే అప్పుడు మెల్లగా తగ్గించే మాట లేదు. తరువాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

లామోట్రిజిన్ అనే మందుకు మారేవారి లెక్క వేరు. దానిని మరీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుతారు. తొందరపడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి రావచ్చు. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతూ ఉంటే ఆ కొద్ది మోతాదులోనూ సగమే ఇస్తారు. మధ్యలో అయిదు రోజులకు మించి మానినవారు మునుపటి మోతాదుతో తిరిగి మొదలుపెట్టకూడదు, డాక్టరును అడగాలి.

ఆడబిడ్డల తల్లిదండ్రులకు ఒక మాట. గర్భమప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే నూటికి సుమారు పదిమంది శిశువులు అవయవ లోపాలతో పుడతారు. నూటికి 30 నుండి 40 మందికి ఎదుగుదలలో, బుద్ధి వికాసంలో ఇబ్బంది రావచ్చు. బిడ్డలు కనే వయస్సులో వేరే మందు కుదిరినంతవరకు దీని జోలికి పోరు. ఇదివరకే వాడుతున్న అమ్మాయికి పెండ్లి కుదిరితే, ముహూర్తానికి చాలా ముందే మందు మార్పు గురించి డాక్టరుతో మాట్లాడాలి. అత్తవారింట తెలియకూడదని మాత్రలు పుట్టింటనే ఉంచి అమ్మాయిని పంపినవారిని మేమెరుగుదుము. రెండు నెలలు తిరగకుండానే ఆ బిడ్డను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. గర్భమని తెలిసినా సొంతంగా మాత్ర ఆపకుండా, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

హిజ్కియా ప్రార్థన విన్న దేవుడే యెషయా చేత అత్తిపండ్ల ముద్దను పుండు మీద వేయించాడు. మేము ఆ శుక్రవారం చెప్పవలసిన మాట ఇది.

ఆసుపత్రిలో లిథియంను తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టి, మూడు నెలల మీద తగ్గించుకుంటూ వచ్చారు. ఈసారి లెక్క ఆ సహోదరి చేతిలో ఉన్నది. గోడమీది వాక్యాల క్యాలెండరులో ప్రతి తేదీ కింద పాత మందు ఎంత, కొత్త మందు ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు అని పెన్సిలుతో వ్రాసింది. చదువు అయిదవ తరగతే. మాత్రల రంగు కంపెనీని బట్టి మారుతుందని, రంగును నమ్మక అట్టమీది పేరు కూతురి చేత చదివించుకునేది. లిథియం పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలని తెలిసి, ఆ ఉదయం మాత్ర వేయనివ్వకుండా తొలి బస్సు ఎక్కించేది. వరుసగా రెండు రాత్రులు నిద్ర నాలుగు గంటలకు తగ్గితే కబురు చేయమని డాక్టరుగారు చెప్పారు. ఒకసారి అలా జరిగింది. తగ్గింపును రెండు వారాలు ఆపి, తరువాత కొనసాగించారు.

పట్నం డాక్టరు వెంటనే దొరకనివారు 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వపు టెలీ మానస్. 2022లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విశాఖపట్నంలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

పోయిన నెల వారింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె ఆ క్యాలెండరు కాగితాలు తీసి చూపింది. చివరి కాగితంలో ఒక తేదీ తరువాత లిథియం గడి ఖాళీ. వాల్‌ప్రోయేట్ గడి, నిద్ర గడి మాత్రం నిండుతూనే ఉన్నాయి. వచ్చే నెల కాలేయపు పరీక్ష, రక్తకణాల పరీక్ష ఉన్నాయట. ఈసారి తోడుగా మమ్మల్ని రమ్మన్నారు, వెళుతున్నాము.