పాత పత్రిక స్థితిని ఎలా నిర్ణయిస్తారు?

భారతీయ పత్రికల చరిత్రలో పుదుచ్చేరిది ప్రత్యేక స్థానం. బ్రిటిష్ ప్రభుత్వ నిర్బంధం నుంచి తప్పించుకొని సుబ్రహ్మణ్య భారతి ‘ఇండియా’ వారపత్రిక 1908లో మద్రాసు నుంచి ఇక్కడికి తరలివచ్చింది. శ్రీ అరవిందుల ఆంగ్ల మాసపత్రిక ‘ఆర్య’ 1914 ఆగస్టు 15న ఇక్కడే ఆరంభమై 1921 జనవరి వరకు వెలువడింది. అటువంటి సంచికలు గానీ, 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తొలి ప్రతులు గానీ ఏ ఇంటి అటక మీదనైనా బయటపడితే సేకర్తలు ముందుగా అడిగేది ఆ ప్రతి ఏ స్థితిలో ఉన్నదనే.

ఇందుకు కామిక్ పుస్తకాల సేకరణలో స్థిరపడిన 10 పాయింట్ల కొలమానాన్ని పత్రికలకూ అన్వయిస్తున్నారు. అచ్చయిన నాటి రూపం చెక్కుచెదరని ప్రతిని ‘మింట్’ అంటారు. ‘నియర్ మింట్’కు 9.4, ‘వెరీ ఫైన్’కు 8, ‘ఫైన్’కు 6, ‘వెరీ గుడ్’కు 4, ‘గుడ్’కు 2, ‘ఫెయిర్’కు 1, ‘పూర్’కు 0.5 పాయింట్లు. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ‘గుడ్’ అనే మాట దగ్గరే. బాగా నలిగి, అక్కడక్కడ చిరిగినా చదువుకోవడానికి వీలుగా ఉన్న ప్రతి అని మాత్రమే దాని అర్థం.

పరిశీలన పుటల లెక్కతో మొదలవుతుంది. ‘ఆర్య’ సంచికకు 64 పుటలు. నడిమి కాగితం ఊడిపోయినా, ఎవరైనా బొమ్మనో కూపన్‌నో కత్తిరించుకున్నా, అట్ట ఎంత మెరుస్తున్నా స్థాయి పడిపోతుంది. ఆ తరువాత అట్ట, వెన్ను, మూలలు, చివరగా కాగితం రంగు చూస్తారు. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం గాలి, వెలుతురు తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది. ఆమ్లం వల్ల కాగితం క్రమంగా పెళుసుబారుతుంది.

పుదుచ్చేరి వంటి తీర పట్టణాలలో కుట్టు పిన్నులను మరింత జాగ్రత్తగా చూడాలి. ఉప్పుగాలికి ఇనుప పిన్ను తుప్పుపట్టి, చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తుంది. తేమకు బూజు, గోధుమ రంగు మచ్చలు తోడవుతాయి.

చిరుగులకు జిగురు టేపు అతికించడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి ఇంకి, చెరగని మరకగా మిగులుతుంది. పిన్నులు మార్చినా, అంచులు కోసినా ఆ సంగతి కొనేవారికి తెలపడం ధర్మం.

అయితే స్థాయి వేరు, విలువ వేరు. ఏడాది సంచికలను కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనలు తీసివేయడం ఒకప్పుడు పరిపాటి. సేకర్తల కొలమానంలో అవి వెనకబడినా, విడి ప్రతులు నశించిన చోట పరిశోధకులకు అవే ఆధారం. అరుదైన సంచిక ‘పూర్’ స్థాయిలో ఉన్నా అందులోని అక్షరం విలువ తగ్గదు.

కనుక పాత కట్టలను తూకానికి అమ్మే ముందు ఒక్కో సంచిక తేదీ, పుటల సంఖ్య, లోపాలు వేరే కాగితంపై రాసుకోవడం మంచిది. ఆమ్లరహిత కాగితపు కవరులో ఉంచి, ఎండ, తేమ తగలని చోట బల్లపరుపుగా భద్రపరిస్తే మిగిలిన స్థితి అయినా చాలాకాలం నిలుస్తుంది.