ఇంటిలో పుట్టిన వరద

బోరుబావులు ప్రబలక పూర్వము గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపొలములలో మిరపతోటకు నీరు పెట్టు రైతు తన మోటారును గట్టుమీద గాక, బావిలోపల నీటికి దగ్గరగా అరుగు కట్టించి దానిపై నుంచెడివాడు. ఇందుకు కారణము కలదు. పంపు నీటిని పైకి లాగుచున్నట్లు మనకు తోచును గాని, నిజమునకు నీటిని గొట్టములోనికి నెట్టునది బయటి గాలి ఒత్తిడి. ఆ ఒత్తిడి సిద్ధాంతరీత్యా సుమారు 10 మీటర్ల వరకే నీటిని ఎత్తగలదు. ఆచరణమున 7, 8 మీటర్లకు మించదు. కావున నీరు లోతున నున్నచో మోటారును దింపక తప్పదు. తుపాను రాత్రి బావి నిండినచో మొట్టమొదట మునుగునదియు ఆ మోటారే. ముందుజాగ్రత్తకై రెండవ మోటారు కొని దానిని గూడ అదే అరుగుమీద నుంచిన రైతునకు, తెల్లవారుసరికి రెండును నీటిపాలగును.

అణువిద్యుత్కేంద్రములను నిర్మించువారికి ఎదురగు చిక్కు ఇట్టిదే. మన రెండు జిల్లాలలో అట్టి కేంద్రము లేదు. కాని కల్పాక్కము, కైగా కేంద్రముల విద్యుత్తులో ఆంధ్రప్రదేశమునకు వాటా కలదు. శ్రీకాకుళము జిల్లాలోని కొవ్వాడ ఒక నూతన కేంద్రమునకు ఎంపిక చేయబడినది. మన జిన్నింగు మిల్లులను నడపు విద్యుత్తులో కలియు ఈ శక్తిని గూర్చి కొంత తెలిసికొనుట మనకు అవసరము.

రియాక్టరును ఆపుట క్షణములలో జరుగు పని. ఆపిన మాత్రమున వేడిమి చల్లారదు. అణువులు చీలుట నిలిచినను, అప్పటికే చీలిన తునకలు వేడిని వెలువరించుచునే యుండును. ఆపిన మరుక్షణమున ఈ వేడిమి పూర్తిశక్తిలో 6, 7 శాతముండును. ఒక దినము గడచినను సుమారు అర శాతము మిగులును. ఆ వేడిని తొలగింపనిచో ఇంధనము కరగును. అందుచే చల్లబరచు పంపులు, వాటికి విద్యుత్తు నిచ్చు డీజిలు జనరేటర్లు, బ్యాటరీలు, స్విచ్చిబోర్డులు ఒకటికి రెండుగా, మూడుగా అమర్చుదురు. నీరు తనంతట తాను పంపులోనికి దిగవలెను గావున పంపులలో పెక్కింటిని క్రింది అంతస్తులలో నుంతురు. ఎక్కడ నీరు ఒలికినను చేరునది ఆ అంతస్తులకే.

ఈ నీరు నదినుండియో సముద్రమునుండియో పొంగి రానక్కరలేదు. కేంద్రములోపలనే అది సమృద్ధిగా నున్నది. టర్బైను దాటిన ఆవిరిని చల్లార్చు నీరు మనిషి నిలువునకు మించిన గొట్టములలో ప్రవహించును. అగ్నిమాపక గొట్టములు గదిగదికిని పోవును. ఒక గొట్టము పగిలినను, మరమ్మతు సమయమున ఒక వాల్వు పొరపాటున తెరచినను చాలును. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గదిలోనికి సెకనుకు అర ఘనమీటరు నీరు వచ్చుచున్నదనుకొనుడు. పది నిమిషములలో అచ్చట ఒక మీటరు లోతు నీరు నిలుచును.

ఇది కేవలము లెక్క కాదు. అమెరికాలోని క్వాడ్ సిటీస్ కేంద్రమున 1972 జూన్ 9న ఒక వాల్వు అకస్మాత్తుగా మూసికొనగా, ఆ నీటిదెబ్బకు పెద్ద గొట్టముల నడుమనున్న రబ్బరు అతుకు పగిలినది. టర్బైను భవనపు అడుగుభాగము నీటితో నిండినది. రియాక్టరు రక్షణకు సంబంధించిన పంపులు ఒక్కటిగాక పలుపంపులు ఒకేచోట నుండుటచే కలిసి మునిగినవి.

బయటి నీరు సైతము ఒకసారి గడప దాటెనా, లోపలి నీరువలెనే సంచరించును. 1994 జూన్ మాసమున గుజరాతులోని కాక్రపార కేంద్రమున భారీవర్షములకు ప్రక్క చెరువు పొంగి టర్బైను భవనమున నీరు ప్రవేశించినది. అదృష్టవశమున రియాక్టరు అప్పటికే ఆపియుంచబడినది. 2004 డిసెంబరు 26న సునామి మన ప్రకాశం తీరమును తాకిననాడే కల్పాక్కమున సముద్రపు నీటి పంపుల ఇంట నీరు చేరినది. నడచుచున్న రియాక్టరును సిబ్బంది సురక్షితముగా ఆపగలిగిరి.

జపానులోని ఫుకుషిమా అంత అదృష్టము నోచుకొనలేదు. 2011 మార్చి 11న అచ్చటి డీజిలు జనరేటర్లలో అధికభాగము నేలమాళిగలలో మునిగినవి. ఇందొక విశేషము గమనింపదగినది. వేరొక భవనమున నున్న రెండు జనరేటర్లు తడియక నిలిచినను, వాటి స్విచ్చిబోర్డులు క్రింద మునిగిపోవుటచే అక్కరకు రాలేదు. ఆరవ రియాక్టరునకు చెందిన మరియొక జనరేటరు మాత్రము పనిచేసినది. ఆ ఒక్కదానివలననే ఐదవ, ఆరవ రియాక్టర్లు రక్షింపబడినవి. మొదటి మూడింటను ఇంధనము కరగినది.

కావున సంఖ్య రక్షణ కాదు, ఎడము రక్షణ. ఒకదానికి బదులుగా నున్న యంత్రమును వేరొక గదిలో, నీరు చొరని గోడ కావల నుంచవలెను. ప్రతి యంత్రమును దిమ్మెమీద నిలుపవలెను. యంత్రముతోబాటు దాని తీగలు, స్విచ్చిబోర్డు, బ్యాటరీ అన్నియు పొడిచోట నుండవలెను. నీటిని బయటికి పంపు తూమే వెనుకకు తన్ని ప్రక్కగదిని నింపకుండ, ఒకవైపే తెరచుకొను వాల్వు అమర్చవలెను. గుంటలో నీరు పెరిగిన తక్షణమే గంట మ్రోగవలెను. పగిలిన గొట్టమును కట్టివేయు వాల్వు, ఆ గదిలో అడుగిడకుండగనే త్రిప్పుటకు వీలుగా నుండవలెను.

ఇవి నిర్మించునాటి జాగ్రత్తలు. వీటిని నిలుపుకొనుట అంతకన్న కష్టము. గోడలో కేబులు పోవు రంధ్రమును నీరు చొరకుండ మూసియుంతురు. కొన్నేండ్లకు క్రొత్త కేబులు లాగుటకై దానిని తెరచిన పనివాడు తిరిగి మూయ మరచిన, ఆ గోడ అప్పటినుండి గోడ కాదు. సామాను మోయుటకు సులువని తలుపునకు మేకు అడ్డువేసి తెరచియుంచిన, ఆ తలుపును తలుపు కాదు. గోడయందలి వ్రేలంత సందు నెల్లకాలము ఎవరి కంటను పడదు. నీరు మాత్రము దానిని మొదటి నిమిషముననే కనుగొనును. అందుచే పరిశీలకులు దీపము పట్టుకొని గోడవెంబడి నడచి, ఒక్కొక్క రంధ్రమును చూచి వ్రాసికొనవలెను. ఆ పనిలో ఆడంబరము లేదు. చేసినవారి పేరు పత్రికల కెక్కదు. అయినను, రెండవ మోటారు నిజముగా రెండవ మోటారగుట ఆ నడకవలననే.