స్విచ్‌ల స్టాక్‌లో ఉమ్మడి విద్యుత్తు నిర్వహణ

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఉమ్మడి పద్ధతికీ రిజర్వు పద్ధతికీ తేడా చెప్పగలుగుతారు. ఒక పవర్ సప్లై పాడైతే వచ్చే లోటును లెక్కకట్టగలుగుతారు. లోటు వచ్చినప్పుడు ఏ పరికరాలు ముందుగా ఆగాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

అనేక స్విచ్‌లను డేటా కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా పనిచేయించడాన్ని స్టాకింగ్ అంటారు. అయితే డేటా కలిసినంత మాత్రాన విద్యుత్తు కలవదు. ఒక స్విచ్‌లో ఉన్న ఒకే ఒక్క పవర్ సప్లై పాడైతే ఆ స్విచ్‌తో పాటు, ఈథర్నెట్ కేబుల్ ద్వారానే విద్యుత్తు తీసుకొనే ఐ.పి. ఫోన్లు, కెమెరాలు, వైఫై పరికరాలు కూడా ఆగిపోతాయి. దీనికి పరిష్కారంగా సిస్కో సంస్థ కెటలిస్ట్ 3750-ఎక్స్, 3850 వంటి స్విచ్‌లలో స్టాక్‌పవర్ అనే ఏర్పాటు చేసింది.

2. ఉమ్మడి నిధి

స్టాక్‌పవర్‌కు డేటా కేబుళ్లు కాక వేరే కేబుళ్లు ఉంటాయి. వాటితో నాలుగు స్విచ్‌ల వరకు వలయంగా కలపవచ్చు. అప్పుడు అన్ని పవర్ సప్లైల వాట్లూ ఒకే నిధిలో చేరతాయి. ఒక స్విచ్‌లో పవర్ సప్లై పాడైతే మిగిలినవి దాన్ని నడుపుతాయి. వలయంలో ఒక కేబుల్ ఊడినా రెండో వైపు నుంచి విద్యుత్తు అందుతుంది.

3. రెండు పద్ధతులు

ఉమ్మడి పద్ధతిలో మొత్తం వాట్లనూ బడ్జెట్‌గా వాడుకోవచ్చు. రిజర్వు పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద పవర్ సప్లై వాట్లను బడ్జెట్ నుంచి తీసి పక్కన ఉంచుతారు.

ఉదాహరణ: నాలుగు స్విచ్‌లు, ఒక్కొక్కదానికి 715 వాట్ల పవర్ సప్లై ఒకటి.

ఉమ్మడి పద్ధతి బడ్జెట్: 4 × 715 = 2860 వాట్లు
రిజర్వు పద్ధతి బడ్జెట్: 2860 − 715 = 2145 వాట్లు

ఉమ్మడి పద్ధతిలో 2300 వాట్లు కేటాయించామనుకొందాం. ఒక పవర్ సప్లై పాడైతే మిగిలేది 2145; లోటు 155 వాట్లు. ఒక్కో ఫోనుకు 15.4 వాట్ల చొప్పున కేటాయించి ఉంటే, ఈ లోటు పూడాలంటే కనీసం 11 ఫోన్లు ఆగాలి. రిజర్వు పద్ధతిలో అసలు 2145 దాటి కేటాయింపు జరగదు కాబట్టి ఈ ఇబ్బంది రాదు. అంటే భద్రత పవర్ సప్లైల సంఖ్యలో లేదు, కేటాయించకుండా మిగిల్చిన వాట్లలో ఉంది.

అయితే కేటాయింపు వేరు, వాస్తవ వాడకం వేరు. ఖచ్చిత నియమం పెడితే, కేటాయింపు బడ్జెట్‌ను మించగానే పరికరాలను ఆపుతారు. సడలింపు నియమంలో వాస్తవ వాడకం మించనంత వరకు ఆపరు. పై ఉదాహరణలో వాస్తవ వాడకం 1700 వాట్లే అయితే, సడలింపు నియమం కింద ఏ ఫోనూ ఆగదు.

4. ప్రాధాన్య క్రమం

ప్రతి స్విచ్‌కు మూడు ప్రాధాన్య సంఖ్యలు ఉంటాయి: స్విచ్‌కు ఒకటి, ముఖ్యమైన పోర్టులకు ఒకటి, మామూలు పోర్టులకు ఒకటి. ఇవి 1 నుంచి 27 వరకు ఉండవచ్చు. సంఖ్య పెద్దదైన కొద్దీ ప్రాధాన్యం తక్కువ. లోటు వస్తే పెద్ద సంఖ్య ఉన్నవి ముందుగా ఆగుతాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. మనం మార్చనంత వరకు ప్రతి పోర్టూ మామూలు పోర్టే. ఆస్పత్రిలో అత్యవసర విభాగం ఫోనైనా, వరండాలో కెమెరా అయినా స్విచ్‌కు ఒకటే. ఏది ముఖ్యమో నిర్వాహకుడే ముందుగా చెప్పాలి.

5. పరిమితి

స్టాక్‌పవర్ బయటి నుంచి వచ్చే విద్యుత్తును పంచుతుంది కాని, తయారుచేయదు. నాలుగు పవర్ సప్లైలనూ ఒకే యు.పి.ఎస్.కు తగిలిస్తే, అది ఆగిన క్షణాన స్టాక్ అంతా ఆగుతుంది. అందువల్ల వాటిని వేరువేరు విద్యుత్ లైన్లకు కలపడం మంచిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక స్టాక్‌లో 1100, 715, 715 వాట్ల పవర్ సప్లైలు ఉన్నాయి.
అ) రిజర్వు పద్ధతిలో బడ్జెట్ ఎంత?
ఆ) ఉమ్మడి పద్ధతిలో 1600 వాట్లు కేటాయించారు. పెద్ద పవర్ సప్లై పాడైతే లోటు ఎంత?

జవాబులు: అ) 1430 వాట్లు. ఆ) 170 వాట్లు.