వెడల్పాటి హాలులో పరదా నిలవాలంటే

నెల్లూరు తీరంలో మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు మస్జిదులకూ మద్రసాలకూ అనుబంధంగా కట్టే హాళ్లకు 40 అడుగుల వెడల్పు ఇప్పుడు వింత కాదు. తరావీహ్ నమాజు, నిఖా, ఖుర్ఆన్ ప్రవచనం అన్నీ ఆ ఒక్క హాలులోనే జరగాలి. స్త్రీలకు సగం చోటు కేటాయించాలి, పని ముగిశాక ఆ సగాన్ని మళ్లీ కలిపివేయాలి. గోడ కడితే ఇది కుదరదు కనుక పరదాయే మార్గం. అయితే ఇంటి కిటికీకి పరదా వేసిన అనుభవంతోనే 40 అడుగులకూ వేయబోతే ఏమవుతుందో మేము ఒకటికి మించిన చోట్ల చూశాము.

స్త్రీలను మస్జిదుకు రాకుండా ఆపవద్దని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన కాలంలో మదీనా మస్జిదులో స్త్రీలు పురుషుల వరుసల వెనుక నిలబడి నమాజు చేసేవారు. అంటే మన హాలులో పరదా వేయడం స్త్రీలు నిశ్చింతగా రావడానికే. ఆ పరదా సరిగా నిలవకపోతే వారిని ఇంటికి పంపేది కూడా అదే. ఒక ఊరి హాలులో రెండు గోడల మధ్య ఇనుప తీగ లాగి పరదా వేశారు. రమజాన్ మొదటి వారంలోనే ఒకవైపు కొక్కెం ఇటుక ముక్కతో సహా ఊడి స్త్రీల వరుసలో పడింది. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ మరుసటి రాత్రి పసిబిడ్డల తల్లులు రాలేదు. పండుగ దాకా ఆ సగం దాదాపు ఖాళీగానే ఉండిపోయింది.

తీగ తెగలేదు, గుడ్డ చిరగలేదు, గోడే ఓడిపోయింది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 40 అడుగులంటే సుమారు 12 మీటర్లు. 8 అడుగుల ఎత్తున, కుచ్చిళ్లకోసం రెట్టింపు వెడల్పు తీసుకొంటే దాదాపు 60 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే గుడ్డయితే మొత్తం 15 కిలోలు. ఇంతేకదా అనిపిస్తుంది. కానీ తీగ మధ్యలో 10 సెంటీమీటర్లకు మించి కుంగకూడదని బిగిస్తే, అది ఒక్కొక్క గోడను 225 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. 5 సెంటీమీటర్లే కుంగాలంటే ఆ లాగుడు 450 కిలోలు దాటుతుంది. తీగను ఎంత తిన్నగా బిగిస్తే గోడకు అంత హాని. సముద్రపు గాలి పరదాను తోసినప్పుడు పడే భారం దీనికి అదనం.

అదే 15 కిలోలను పైకప్పు నుండి రెండేసి అడుగులకొక బ్రాకెట్ చొప్పున 21 బ్రాకెట్లు మోస్తే ఒక్కొక్కదానికి కిలో కూడా రాదు. అందువల్ల ఇంతటి వెడల్పుకు అల్యూమినియం ట్రాకే సరైనదని మా అభిప్రాయం. పరదాను తెరిచినప్పుడు గుడ్డంతా రెండు చివరల పోగుపడుతుంది కనుక అక్కడ బ్రాకెట్లు మరింత దగ్గరగా ఉండాలి. 40 అడుగుల ట్రాకు ఒకే ముక్కగా దొరకదు, అతకాలి. అతుకుకు రెండు పక్కలా జానెడు దూరంలోపే ఒక్కొక్క బ్రాకెట్ ఉండాలి. కోసిన అంచులను ఆకురాయితో నున్నగా రుద్దాలి. ఈ చిన్న పని మానివేసిన చోట రన్నర్లు ప్రతిసారీ అతుకు దగ్గరే ఇరుక్కుంటాయి. పిల్లలు గుడ్డ పట్టుకొని గుంజుతారు, ఆపై కుట్లు ఊడతాయి.

బ్రాకెట్లను స్లాబుకో దూలానికో బిగించాలి గాని ఫాల్స్ సీలింగ్ పలకకు కాదు. రేకుల షెడ్డయితే ట్రస్సుల నడుమ పట్టు దొరకదు. ముందు ట్రస్సు నుండి ట్రస్సుకు ఇనుప చదరపు పైపు వేసి, దాని అడుగున ట్రాకు బిగించాలి. కప్పు మరీ ఎత్తైతే ట్రాకును కడ్డీలతో కిందికి దించవచ్చు. అప్పుడది ఊగకుండా ఏటవాలు కడ్డీలు కూడా కావాలి. ఫ్యాను రెక్కలు తిరిగే చోటును ముందే కొలుచుకోవాలి.

తీరప్రాంతపు అసలు శత్రువు ఉప్పు. ఉప్పుగాలి తేమలో ఇనుప స్క్రూ త్వరగా తుప్పు పడుతుంది, తనను ఆనుకొన్న అల్యూమినియాన్ని కూడా తినివేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, వాటి కింద ప్లాస్టిక్ వాషర్లు, నైలాన్ రన్నర్లు వాడితే మేలు. ట్రాకు బిరుసెక్కిందని నూనె పోస్తారు. నూనెకు ఇసుక అంటి ఇంకా మొరాయిస్తుంది. మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. గుడ్డకు దాతలు ఎప్పుడూ ముందుకు వస్తారు, స్క్రూలకు ఇస్తామనే వారిని మేము ఇంతవరకు చూడలేదు! కమిటీ పెద్దలు ఆ సొమ్మును ముందుగానే పక్కన పెట్టాలి.

ట్రాకు ఎక్కడ రావాలో గీత గీయకముందే స్త్రీలను పిలిచి అడగాలి. కిటికీలన్నీ పురుషుల వైపు పడేలా గీస్తే అవతలి సగంలో వేసవిలో కూర్చోవడం కష్టం. ఒక చోట స్త్రీలే చెప్పి, పరదా పైభాగాన మూరెడు మేర వల గుడ్డ కుట్టించారు. చూపు అందదు, గాలి మాత్రం ఆడుతుంది. రాకపోకలకు పరదాను ఎత్తుకొని దూరే అవసరం లేకుండా వారి ద్వారం వారికే ఉండాలి. 40 అడుగులకు ఒకే గుడ్డ కాక నాలుగు భాగాలు చేసి, ఒకదానిపై ఒకటి అడుగు మేర కప్పేలా కుట్టిస్తే ఉతకడానికీ సులువు. కింది అంచు నేలకు రెండంగుళాల పైన ఉండాలి, మడతలో సన్నని గొలుసు వేస్తే గాలికి ఎగరదు.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. తుపాను హెచ్చరిక వినగానే నాలుగు భాగాలనూ దించి మడతపెట్టి, రన్నర్లను సంచిలో కట్టి భద్రపరచాలి. తిరిగి వేసేముందు ఒకరు నిచ్చెన ఎక్కి ప్రతి స్క్రూనూ చేతితో కదిపి చూడాలి.