ఎడమకు తిప్పడమేగా?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మా అమ్మాయిని చూపించడానికి తీసుకెళ్లాను. చక్రాలు బయటకు కనిపించే ఆ సన్నని కార్లు నెక్లెస్ రోడ్డు పక్కన దూసుకుపోవడం చూసిన రోజు నుంచి మా ఇంట్లో ఆదివారాలు ఫార్ములా వన్‌కే అంకితం. మా బావమరిది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లట్‌లో ఉంటాడు. అక్కడ నాస్‌కార్ అంటే మన దగ్గర క్రికెట్ లాంటిది. చాలా జట్ల వర్క్‌షాపులు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మొన్న వీడియో కాల్‌లో వాడు నాస్‌కార్ గొప్పలు మొదలుపెట్టగానే మా అమ్మాయి నవ్వేసింది.

"అదేముంది మావయ్యా, గుండ్రంగా తిరుగుతూ స్టీరింగ్ ఎడమకు తిప్పడమేగా!"

"ఆ ఎడమకే మూడు వందల కిలోమీటర్ల వేగంతో, పక్కనే అడుగు దూరంలో ఇంకో కారుతో, మూడున్నర గంటలు తిప్పి చూడు తల్లీ" అన్నాడు వాడు.

ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. మేనేజ్‌మెంట్ చదివినవాణ్ని కదా, ముందు రెండు పక్షాల వివరాలూ పరిశీలించాలనుకున్నాను. అలా తెలుసుకున్న సంగతులే ఇవి.

రెండు రకాల కార్లు

ఓపెన్ వీల్ కారుకు చక్రాలు బాడీ బయట ఉంటాయి. సీటు ఒక్కటే. ఫార్ములా వన్, అమెరికాలోని ఇండీకార్ ఈ కోవలోవి. స్టాక్ కారు చూడటానికి మనం రోడ్డు మీద చూసే కారులాగే ఉంటుంది. 'స్టాక్' అంటే షోరూమ్‌లో అమ్మకానికి ఉన్న సరుకు. 1948లో నాస్‌కార్ సంస్థ ఏర్పడిన కొత్తలో నిజంగానే కొన్న కార్లతో పోటీ పడేవారు. ఇప్పుడు మాత్రం పేరుకే మస్టాంగ్, క్యామ్రీ. లోపలంతా రేసు కోసమే తయారైన యంత్రం.

బరువులో తేడా చాలా ఎక్కువ. ఫార్ములా వన్ కారు డ్రైవర్‌తో కలిపి 800 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. నాస్‌కార్ కారు డ్రైవర్ లేకుండానే దాదాపు 1,450 కిలోలు. నైపుణ్యంలో తేడా ఇక్కడే మొదలవుతుంది.

గాలిని నమ్మి నడపాలి

ఫార్ములా వన్ కారుకు ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్క పైకి లేపితే, ఇవి కారును కిందికి నొక్కుతాయి. వేగం రెట్టింపైతే ఈ నొక్కుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే వేగమైన మలుపులో భయపడి నెమ్మదించిన డ్రైవర్‌కు టైర్ల పట్టు తగ్గుతుంది. ధైర్యంగా వెళ్లినవాడికి పట్టు దొరుకుతుంది. మామూలు రోడ్డు మీద మన అనుభవానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

బ్రేకు సంగతీ అంతే. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు గాలి కారును గట్టిగా నొక్కి ఉంచుతుంది కాబట్టి మొదట్లో బ్రేకు బలంగా తొక్కాలి. వేగం తగ్గేకొద్దీ పాదాన్ని కొద్దికొద్దిగా వదలాలి. లేకపోతే చక్రం బిగుసుకుని టైరు అరిగిపోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. పెద్ద మలుపుల్లో శరీరం మీద పడే బలం గురుత్వాకర్షణకు అయిదు రెట్ల దాకా ఉంటుంది. అంటే తల, హెల్మెట్ కలిపి మెడ మీద ముప్పై కిలోలకు పైగా బరువు పక్కకు లాగుతుంది. అదే సమయంలో స్టీరింగ్ మీది బటన్లతో బ్రేకు సమతూకం వంటివి మారుస్తూ ఉండాలి.

జారుతున్న కారును పట్టాలి

స్టాక్ కారుకు గాలి సాయం తక్కువ, బరువు ఎక్కువ. మలుపులో అది ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది. ఆ జారుడును నడుముతో, అరచేతులతో పసిగట్టి నడపడమే డ్రైవర్ ప్రతిభ.

డేటోనా ట్రాక్ మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. ఈ వాలును 'బ్యాంకింగ్' అంటారు. మన ఉద్యోగానికీ దానికీ చుట్టరికం లేదు! అక్కడ 200 ల్యాప్‌లు, అంటే 500 మైళ్లు తిరగాలి. దాదాపు నలభై కార్లు గుంపుగా పోతాయి. ముందు కారు గాలిని చీలిస్తే వెనక కారుకు దారి సులువవుతుంది. రెండూ వరుసలో ఉంటే ఒంటరి కారు కంటే రెండూ వేగంగా పోతాయి. కాబట్టి గెలవాలంటే ప్రత్యర్థి సాయమే కావాలి. ఎవరి వెనక చేరాలి, ఎవర్ని నమ్మాలి, ఎప్పుడు వదిలి పక్కకు రావాలి అన్నది ప్రతి ల్యాప్‌లోనూ తేల్చుకోవాలి. స్టాండు పైకప్పు మీద నిలబడిన 'స్పాటర్' రేడియోలో చెప్పే మాటలే డ్రైవర్‌కు వెనక కళ్లు.

ఇక కార్లు ఒకదానికొకటి తగలడం ఇక్కడ మామూలే. ఓపెన్ వీల్ కార్లలో చక్రానికి చక్రం తగిలితే కారు గాల్లోకి లేచే ప్రమాదం ఉంది. పైగా స్టాక్ కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. దూరపు కొండలు నునుపు అన్నట్టు, టీవీలో చూస్తే మాత్రం ఎడమకు తిప్పడమే!

మారి చూసినవాళ్లు ఏమయ్యారు?

ఏది కష్టమో తేలాలంటే రెండూ నడిపినవారిని చూడాలి.

కొలంబియాకు చెందిన హువాన్ పాబ్లో మొంటోయా ఫార్ములా వన్‌లో ఏడు రేసులు గెలిచాడు. 2007 నుంచి నాస్‌కార్‌లో పూర్తి స్థాయిలో ఆడాడు. అక్కడి ప్రధాన సిరీస్‌లో గెలిచినవి రెండే. 2007లో సొనోమా, 2010లో వాట్కిన్స్ గ్లెన్. రెండూ కుడి ఎడమ మలుపులున్న ట్రాక్‌లే. ఓవల్ మీద ఒక్కటీ లేదు.

జిమ్మీ జాన్సన్ నాస్‌కార్‌లో ఏడుసార్లు చాంపియన్. 2021లో ఇండీకార్‌కు మారాడు. మెలికల ట్రాక్‌ల మీద చాలా రేసుల్లో చివరి వరుసల్లోనే మిగిలాడు. 2022లో ఓవల్స్ మీదకు రాగానే అయోవాలో అయిదో స్థానం సాధించాడు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కారు మారినా, అలవాటైన తరహా ట్రాక్ మీద ఇద్దరి అనుభవమూ పనికొచ్చింది. ట్రాక్ తీరు కూడా మారిన చోట చాంపియన్లయినా తడబడ్డారు.

మన నరేన్ కార్తికేయన్ కూడా ఈ దారిలో నడిచారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడాయన. 2010లో నాస్‌కార్ ట్రక్ సిరీస్‌లో దిగారు. విజయం దక్కలేదు కానీ, ఆ ఏడాది సిరీస్‌లో అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవర్‌గా అభిమానులు ఆయన్నే ఎన్నుకున్నారు.

అన్నిటా నెగ్గినవారూ ఉన్నారు. మారియో ఆండ్రెట్టి 1967లో డేటోనా 500, 1969లో ఇండియానాపొలిస్ 500, 1978లో ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఈ మూడూ సాధించినవాడు ఆయన ఒక్కడే.

నా తీర్పు

ఒంటరిగా ఒక ల్యాప్‌ను అత్యంత వేగంగా పూర్తి చేయడంలో ఫార్ములా వన్ అడిగేంత కచ్చితత్వం మరొకటి అడగదు. నలభై కార్ల మధ్య గంటల తరబడి నిలిచి గెలవడంలో నాస్‌కార్ అడిగేంత ఓర్పు, లౌక్యం మరొకటి అడగదు. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలవడం తప్పు.

ఇది రాస్తుంటే నా సంగతే గుర్తొచ్చింది. పదకొండేళ్లు పెద్ద రుణాల విభాగంలో పనిచేసి, బ్యాలెన్స్ షీట్ చూడగానే లోపం పట్టేవాడినని పేరు తెచ్చుకుని, ఒక పల్లెటూరి శాఖకు మేనేజర్‌గా వెళ్లాను. "పంట రుణాలూ బంగారు రుణాలేగా" అనుకున్నాను. మొదటి ఆరు నెలలూ చేతులెత్తేశాను. రెన్యువల్స్ వెనకబడ్డాయి. వరుసలో నిలబడ్డ రైతులకు నా మాట అర్థం కాలేదు, వాళ్ల మాట నాకు అర్థం కాలేదు. అక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్న క్యాషియర్ గారు కోతలు ఎప్పుడో, ఏ ఇంట్లో పెళ్లి ఉందో చెబుతూ ఉంటే, కాగితం మీద కనిపించని లెక్క నెమ్మదిగా అర్థమైంది. ఆయన పనిని అంతకుముందు నేను తేలిగ్గా చూసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఈ సంగతి విన్నాక మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మావయ్యకు ఫోన్ చేసి, వచ్చే ఫిబ్రవరిలో డేటోనా రేసు మన టైము ప్రకారం ఎన్ని గంటలకో కనుక్కుంది. అర్ధరాత్రి దాకా మేలుకోవాల్సిందే. మర్నాడు నాకు బ్రాంచి ఉందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.