తొట్టిలో పండే మాంసకృత్తులు: సోయా పిండికి పోటీ ఎక్కడి నుంచి?

సూక్ష్మజీవులను ఉక్కు తొట్లలో పులియబెట్టి మాంసకృత్తులు తీసే పరిశ్రమకు విదేశాలలో కొన్నేళ్లపాటు పెట్టుబడి వెల్లువగా వచ్చింది. 2021లో ఇది సుమారు 170 కోట్ల డాలర్లు. 2023 వచ్చేసరికి అందులో మూడో వంతు కూడా రాలేదు. ఈ ఎగుడుదిగుళ్లు వాటాల బజారు వారి వ్యవహారం. సోయా పిండి, చేపపిండి, వేరుశనగ చెక్క, తవుడు వ్యాపారం చేసేవారికి కావలసిన సంగతి వేరు: తొట్టిలో తయారైన సరుకు మన సరుకు ధరను ఎంతవరకు దించగలదు?

దాణా మిల్లు కొనుగోలుదారు లెక్క అందరికీ తెలిసినదే. బస్తాలో మాంసకృత్తులు ఎంత శాతమో చూసి, ధరను దానితో భాగిస్తాడు. 46 శాతం గల సోయా పిండి కిలో 35 రూపాయలు అనుకుంటే మాంసకృత్తులు కిలో 76 రూపాయలు పడతాయి. 70 శాతం గల సూక్ష్మజీవుల పిండి కిలో నూరు రూపాయలకు వచ్చినా 143 రూపాయలు అవుతుంది. ఇవి లెక్క తెలిసేందుకు వేసుకున్న ధరలే తప్ప బజారు ధరలు కావు. అయినా ఈ పరిశ్రమ వెనుక ఒకసారి దెబ్బతిన్నది సరిగ్గా ఈ భాగహారం దగ్గరే.

ఫ్రాన్సులోని లావెరా చమురు శుద్ధి కర్మాగారంలో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ 1960 దశకంలో చమురులోని పారఫిన్ల మీద ఈస్టును పెంచి పశువుల దాణా తయారు చేసింది. అప్పట్లో చమురు చవక. 1972లో పెరూ తీరాన సముద్రం వేడెక్కి ఆంకోవీ చేపలు కరువయ్యాయి. 1970లో కోటి 20 లక్షల టన్నులు దాటిన పట్టుబడి 1973 నాటికి 20 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. చేపపిండి దొరకక అందరూ సోయా మీద పడ్డారు. 1973 జూన్‌లో చికాగోలో సోయా బుషెల్ 12 డాలర్లు దాటింది. ఆ నెలాఖరులోనే అమెరికా ఎగుమతులు ఆపివేయటంతో ఐరోపా దాణా పరిశ్రమ బెంబేలెత్తింది. తొట్టి సరుకుకు ఇంతకంటె మంచి రోజులు రావనిపించింది.

కాని ఆ ఏడాది ముగిసేలోపే చమురు ధర నాలుగింతలకు ఎగబాకే దారి పట్టింది. అంటే ఈ పరిశ్రమకు ముడిసరుకే ప్రియమైంది. మరోవైపు బ్రెజిల్ రైతులు సోయా విస్తీర్ణం పెంచుకుంటూ పోయారు. బ్రిటిష్ పెట్రోలియం భాగస్వామ్యంతో ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో ఏటా లక్ష టన్నుల సామర్థ్యంతో కట్టిన కర్మాగారానికి అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి రాలేదు. 1970 దశకం చివరికి అది మూతపడింది.

ఇంగ్లండులోని బిల్లింగ్‌హామ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ మిథనాల్ మీద బాక్టీరియాను పెంచి ‘ప్రూటీన్’ అనే దాణా తయారు చేసింది. 15 లక్షల లీటర్ల తొట్టి, 70 శాతం పైబడిన మాంసకృత్తులు. యంత్రాలు చక్కగా పనిచేశాయి, సరుకు నాణ్యతకు వంక పెట్టినవారు లేరు. సోయా పిండి మాత్రం అంతకంటె చవకగా దొరుకుతూనే ఉంది. 1980 దశకం నడిమికే ఉత్పత్తి ఆగిపోయింది.

అదే ఊళ్లో మరో తొట్టి బతికింది. ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అనే రొట్టెల కంపెనీ ఒక నేల శిలీంధ్రాన్ని గ్లూకోజు మీద పెంచి, ఐ.సి.ఐ.తో కలిసి 1985 నుంచి ‘క్వార్న్’ పేరుతో మనుషుల ఆహారంగా అమ్మింది. దాని పోటీ సోయా పిండితో కాక మాంసం దుకాణంతో గనుక ధరలో ఊపిరాడింది. ఫిలిప్పీన్స్‌కు చెందిన మోండే నిసిన్ 2015లో దీన్ని 55 కోట్ల పౌండ్లకు కొన్నది. ఆ తర్వాత మాంస ప్రత్యామ్నాయాలకు గిరాకీ తగ్గి, ఈ వ్యాపారం విలువను పద్దులలో భారీగా తగ్గించి చూపవలసి వచ్చింది.

ఇప్పటి కొత్త కర్మాగారాలనూ ఇదే కొలతతో చూడాలి. చైనాలోని చోంగ్‌కింగ్‌లో సహజవాయువు మీద బాక్టీరియాను పెంచి చేపల మేత తీసే కర్మాగారాన్ని ఏటా 20 వేల టన్నుల సామర్థ్యంతో కట్టారు. ఫిన్లండులో సోలార్ ఫుడ్స్ కంపెనీ 2024లో తెరిచిన కర్మాగారం సామర్థ్యం 160 టన్నులు. ప్రపంచ సోయా పిండి ఉత్పత్తి ఏటా 25 కోట్ల టన్నులకు పైమాటే. మన బెంగళూరులోనూ స్ట్రింగ్ బయో అనే కంపెనీ మిథేన్ నుంచి మాంసకృత్తులు తీసే పనిలో ఉన్నది. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించిన బయో-ఇ3 విధానంలో ఈ రంగానికి చోటిచ్చారు. వీటిని చూసి మన బజారులో ఎవరూ సరుకు వదిలించుకోనక్కరలేదు.

దెబ్బ మరో దారిన వచ్చింది

సోయా పిండిని నిజంగా కుదిపిన పులియబెట్టిన సరుకు డీడీజీఎస్. ఇథనాల్ డిస్టిలరీలలో ఈస్టు ధాన్యంలోని పిండిపదార్థాన్ని సారాయిగా మార్చిన తర్వాత మిగిలిన మడ్డిని ఎండబెడితే వచ్చేది ఇదే. నూరు కిలోల మొక్కజొన్నకు సుమారు 30 కిలోలు మిగులుతుంది. మాంసకృత్తులు 27, 28 శాతం. బియ్యానిదైతే మిగిలేది తక్కువ, చిక్కదనం ఎక్కువ: 45 శాతం దాకా, అంటే సోయా పిండికి దాదాపు సమానం.

బి.కాం. చదివినవారికి ఉప ఉత్పత్తుల పద్దు గుర్తుండే ఉంటుంది. ఖర్చంతా ప్రధాన సరుకు మోస్తే ఉప ఉత్పత్తి ఏ ధరకు పోయినా లాభమే. ఇక్కడ ఖర్చు మోసేది ఇథనాల్, దాన్ని కొనేది ఆయిల్ కంపెనీలు. పెట్రోలులో ఇథనాల్ పాలు 2025లో 20 శాతానికి చేరింది. మడ్డిని దాచుకునే వీలు డిస్టిలరీకి లేదు, వచ్చిన ధరకు తోలవలసిందే. ప్రూటీన్‌కు లేని బలం ఇదే.

2024-25లో సోయా గింజల మద్దతు ధర క్వింటాలు 4,892 రూపాయలు కాగా బజారు చాలాకాలం అంతకు దిగువనే నడిచింది. పిండి వాడకాన్ని డీడీజీఎస్ మింగిందని ఇండోర్‌లోని సోయా ప్రాసెసర్ల సంఘం మొరపెట్టుకున్నది. ఆదిలాబాద్ సోయా రైతు దీనివల్ల నష్టపోయాడు. కోళ్ల ఫారాల వారికి చవక పిండి దొరికింది కాని ఇథనాల్ గిరాకీతో మొక్కజొన్న ప్రియమై, ఆ లాభంలో కొంత అక్కడే కరిగిపోయింది.

సోయా పిండికి పూర్తిగా సెలవు చెప్పటం మాత్రం కుదరదు. డీడీజీఎస్‌లో లైసిన్ తక్కువ. ఆ లోటు పూడ్చే లైసిన్ పొడి కూడా తొట్టి సరుకే. జపాన్‌లో 1950 దశకం చివర మొదలై ఇప్పుడు ఎక్కువగా చైనాలో తయారవుతున్నది. పందుల దాణాలో 3 కిలోల లైసిన్, 97 కిలోల మొక్కజొన్న కలిస్తే లైసిన్ వరకు నూరు కిలోల సోయా పిండితో సరి అని ఒక పాత లెక్క. దాణాలో సోయా పిండి వాటాను 2025 నాటికి 13 శాతం లోపుకు దించాలని చైనా 2023లో పెట్టుకున్న ప్రణాళికకు ఆధారాలలో ఇదొకటి.

కొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అతిగా వేడిచేసిన సరుకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు పరీక్షలో మాంసకృత్తుల శాతం తగ్గదు, లైసిన్ మాత్రం పాడైపోతుంది. యూరియా కలిపినా పరీక్ష అంకె పెరుగుతుంది. పిండి పోయి మిగతాది చిక్కబడినప్పుడు గింజలో ఉన్న అఫ్లటాక్సిన్ కూడా సుమారు మూడు రెట్లవుతుంది. ఇంగ్లండులో 1960లో వేరుశనగ పిండి తిని లక్ష టర్కీ కోళ్లు చచ్చిన నాటి నుంచి ఈ విషం సంగతి చెక్కల వ్యాపారులకు చెప్పనక్కరలేదు. బేరం కుదుర్చుకునేటప్పుడు మాంసకృత్తులతో పాటు తేమ, రంగు, అఫ్లటాక్సిన్ పరిమితి రాయించుకోవాలి.

ఇథనాల్ సరఫరా సంవత్సరం నవంబరు 1న మొదలవుతుంది. సోయా కొత్త పంట రాబడి ఊపందుకునేదీ దాదాపు అప్పుడే. ధాన్యపు ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు ఇచ్చే కేటాయింపులు చూసుకొని పిండి ముందస్తు బేరాలకు దిగటం మంచిది.